ఆంప్లిఫయర్ మీది చిన్న మర వాల్యూమ్ కాదండోయ్

ఈసారి యూరియా గురించీ కాదు, మద్దువలస కాలవ నీటి గురించీ కాదు. మన ట్రాక్టర్లకి కట్టుకుంటున్న పాటల బాక్సుల గురించి. నవ్వుకోండి పరవాలేదు గానీ చివరిదాకా చదవండి.

రాజాం చుట్టుపట్ల బాక్సులు లేని ట్రాక్టరు ఇప్పుడు ఎక్కడుందేటి? మా ఇంట్లోనూ అంతే. మావోడు ఆంప్లిఫయరూ, నాలుగు స్పీకర్లూ పెట్టించాడు. బిగించిన కుర్రాడు గెయిన్ మరని చివరికంటా తిప్పీసి, ఇప్పుడు సూడండి మోత అన్నాడు. మోత వచ్చింది. మొక్కజొన్న తోలకం అయ్యేసరికి ట్వీటర్లు రెండూ పోనాయి. కొత్తవి వేయించాం, అవీ పోనాయి. స్పీకర్లు నాసిరకం అని తిట్టుకున్నాం. తప్పు ఆ మరది.

గెయిన్ అంటే వాల్యూమ్ కాదు. స్టీరియో నుంచి వచ్చే సిగ్నల్ కొన్నిటికి 2 వోల్టులు, కొన్నిటికి 4. దానికి ఆంప్లిఫయర్ని సరిపెట్టడానికే ఆ మర. చాలావాటి మీద ఒక చివర 6 వోల్టులు, రెండో చివర 0.2 అని ఉంటుంది. చిన్న అంకె వైపు తిప్పితే, నాకొచ్చే సిగ్నల్ బలహీనం, బాగా పెంచు అని చెప్పినట్టు. చెరువు మదుం పూర్తిగా ఎత్తీసి, మడి దగ్గర పార మట్టితో నీళ్ళు ఆపుదామంటే గట్టు ఆగుతాదా? ఇదీ అంతే. ఆంప్లిఫయరు తన శక్తి దాటి ఇవ్వలేదు, పాట అల తలలు కోసీసి చదునుగా పంపుతుంది. క్లిప్పింగ్ అంటారు. మనకి గరగరమని వినబడుతుంది, లోపల కాయిల్ వేడెక్కుతుంది. సన్న తీగ కాబట్టి ట్వీటరే ముందు కాలుతుంది.

సరిచెయ్యడం కష్టం కాదు. బాస్ బూస్ట్ తీసెయ్యండి, ఈక్వలైజర్ అంతా సున్నాలో పెట్టండి. గెయిన్ పూర్తిగా తగ్గించండి. స్టీరియో వాల్యూమ్ మూడొంతులు పెట్టండి, అంటే 40 దాకా ఉంటే 30. బాగా తెలిసిన పాట వేసి గెయిన్ మెల్లగా పెంచండి. పాడేవాడి గొంతు చీరినట్టయిన చోట ఆగి, కొంచెం వెనక్కి తిప్పండి.

మల్టీమీటరుంటే ఇంకా నమ్మకం. స్పీకరు తీగలు ఊడదీసి, ఫోన్లోంచి 1000 హెర్ట్జ్ టోన్ వెయ్యండి, సబ్‌వూఫర్‌కైతే 50. మీటరు ఏసీ వోల్టుల్లో పెట్టండి. వాట్లని ఓమ్‌లతో గుణించి వర్గమూలం తియ్యాలి. 50 వాట్లు, 4 ఓమ్‌లు అయితే 200, దాని వర్గమూలం 14 పైచిలుకు. మీటరు 14 చూపించిన చోట గెయిన్ ఆపెయ్యండి. వాట్లంటే ఆర్ఎంఎస్ అని రాసినవి, డబ్బా మీద బొమ్మలేసి రాసిన పెద్ద అంకె కాదు. టెన్త్ లెక్క ఇన్నాళ్ళకి నాకు పనికొచ్చింది!

గెయిన్ తగ్గిస్తే పోలిపల్లి సంబరంలో పక్కోడి బండి ముందు పరువు పోతాదంటాడు మావోడు. పోదురా బాబూ. మోత కొంచెం తగ్గినా పాట తేటగా వినబడుతుంది. ట్వీటర్లు కాలిపోనాక మాట తెలియక మనమే ఇంకా పెంచుతాం.

అలా పెంచుకునే మొన్న పంటకి కల్లం దగ్గర మావోడు బండి వెనక్కి తీశాడు. తొట్టి వెనక బస్తాలు సర్దుతున్న అప్ప ఆపు ఆపు అని అరిచింది. నేను ఇవతల నుంచి అరిచాను. వాడికి రెండూ వినబడలేదు. అప్ప పక్కకి దూకింది కాబట్టి మోచెయ్యి చెక్కుకుపోవడంతో సరిపోయింది. ఆ రాత్రి మా ఇంట్లో ఎవరం సరిగా తినలేదు. అప్పటినుంచి కల్లంలోకి వచ్చాక మా బండిలో పాట ఉండదు. మావోడు అలిగాడు, అలగనీ.

మల్టీమీటరు నా దగ్గరుంది. ఆదివారం పొద్దున్న కల్లం దగ్గరే ఉంటాను, బండి తెచ్చుకోండి. స్పీకరు మీది చీటీ మాత్రం చింపకండి, వాట్లూ ఓమ్‌లూ దాని మీదే ఉంటాయి.