సాలీడు లేని సాలెపట్టు!

బాన్సువాడలో పాత ఇంటి దూలానికి వేలాడే సాలెపోగును తేలిగ్గా తీసిపారేయకండి. అంతే బరువున్న ఉక్కు తీగ కన్నా సాలీడు దారం బలమైనది. మరి పట్టుపురుగుల్లా సాలీళ్లను పెంచొచ్చుగా? కుదరదు. ఒకచోట ఉంచితే ఒకదాన్నొకటి తినేస్తాయి!

అందుకే వాటి జన్యువుల్ని వేరే జీవుల్లో పెట్టారు. కెనడా సంస్థ నెక్సియా మేకపాలలో ఆ ప్రొటీన్‌ను రాబట్టింది కానీ నిలదొక్కుకోలేకపోయింది. జర్మనీలోని ఆమ్‌సిల్క్ బ్యాక్టీరియాను, అమెరికాలోని బోల్ట్ థ్రెడ్స్ ఈస్ట్‌ను నమ్ముకున్నాయి. ప్రొటీన్ వచ్చినా, దారం యంత్రాలే తీయాలి. అదే ఖర్చు. 2017లో బోల్ట్ అమ్మిన టై ఒక్కోటి 314 డాలర్లు!

అమెరికాదే మరో సంస్థ క్రెయిగ్. అది పట్టుపురుగులోకే సాలీడు జన్యువును ఎక్కించింది. దారం పురుగే తీస్తుంది. ట్యాంకులు గెలిస్తే ఆకుతో పనిలేదు. పురుగు గెలిస్తే మాత్రం మల్బరీ రైతుకూ ఆశే!