అన్నం మానేసే ముందు

వీరమాచనేని రామకృష్ణ ఆహార పద్ధతి తెలుగునాట ఇంటింటా చర్చ అయినప్పటి నుంచి, పిండిపదార్థాలు బాగా తగ్గించి కొవ్వు ఎక్కువగా తినే కీటో మంచిదేనా అన్న ప్రశ్న హైదరాబాద్ సంతోష్‌నగర్‌లోనూ ఆగలేదు. పిండిపదార్థాలు తగ్గిస్తే బరువు, రక్తంలో చక్కెర దిగే మాట నిజం. తొలి వారాల తగ్గుదలలో నీటి వాటా ఎక్కువ. కానీ మామూలుగా కీటోలో పిండిపదార్థాలు రోజుకు 50 గ్రాములకు మించకూడదు, ఒక కప్పు అన్నంలోనే 40 గ్రాముల పైచిలుకు ఉంటాయి. పాతబస్తీ పెళ్లిళ్లలో, రంజాన్ సాయంత్రాల్లో ఈ లెక్క ఎన్నేళ్లు నిలుస్తుంది? 2018లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 609 మందితో ఏడాది పాటు చేసిన అధ్యయనంలో పిండిపదార్థాలు తగ్గించినవారు సగటున 6 కిలోలు, కొవ్వు తగ్గించినవారు 5.3 కిలోలు తగ్గారు. చెప్పుకోదగ్గ తేడా లేదు. అది కఠినమైన కీటో కాదనొచ్చు. నిజమే, అయితే నియమం బిగిసేకొద్దీ దాన్ని నిలబెట్టుకోవడం మరీ కష్టం.

షుగర్ అదుపులోకి వచ్చినవాళ్లు లేరా అంటారు. ఉన్నారు, వాళ్ల అనుభవాన్ని కాదనలేం. అయితే ఇన్సులిన్, గ్లిమిపిరైడ్ వంటి షుగర్ మందుల మోతాదు మార్చకుండా అన్నం మానేస్తే చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. డాపాగ్లిఫ్లోజిన్ అనే మరో షుగర్ మందు వాడేవారికి కీటోఅసిడోసిస్, అంటే రక్తంలో ఆమ్లాలు ప్రమాదకరంగా పెరిగే ముప్పుంది. 1921లో మేయో క్లినిక్‌లో రస్సెల్ వైల్డర్ కీటోను మూర్ఛ రోగులకు సూచించింది కూడా చికిత్సగానే, రోజువారీ భోజనంగా కాదు. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో చెప్పింది వేరే దారి: మొత్తం శక్తిలో ధాన్యాల నుంచి వచ్చేది 45 శాతం దాటొద్దు. కంచంలో అన్నం సగానికి తగ్గించి, గోంగూర పప్పు చిక్కగా వండి, గుడ్డో పెరుగో చేర్చుకుంటే ఇంటిల్లిపాదీ ఏళ్ల తరబడి తినగలరు. షుగర్ మందులు వాడేవారు మాత్రం ఈ మార్పుకైనా ముందు డాక్టరును కలవాలి.