పలువరుసను దిద్దు తీగె

ఈ సంవత్సరము వేసవి సెలవులు గడచిన పిదప మా ఎనిమిదవ తరగతి బాలిక యొకతె పండ్లకు లోహపు తీగె కట్టించుకొని బడికి వచ్చినది. అంతకు ముందు పద్యపఠనమునకు అందఱికంటె ముందుగా లేచుచుండెడి యా పిల్ల, ఆ దినము మొదలుకొని పేరు పెట్టి పిలిచినను లేవదయ్యెను. లేచినను నోటికి చేయి యడ్డము పెట్టుకొని చదువుచుండెను. విచారింపగా తోడివారు “ఇనుపపండ్లు” అని పిలుచుచున్నారని తెలిసినది. తీగెను తీయించివేయుడని ఆమె తల్లిదండ్రులను నిత్యము వేడుకొనుచున్నదట. ఇది చిన్న సంగతి కాదని తోచి యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

పండ్లు వంకరపోవుటకు కారణములు పెక్కు కలవు. దవడ చిన్నదియు పండ్లు పెద్దవియు నైనచో చోటు చాలక యొకదానిపై నొకటి యెక్కును. ఇది పెద్దల పోలికగా వచ్చునది. పాలపండ్లు పుచ్చి వేళకు ముందే యూడినచో ప్రక్కపండ్లు ఆ చోటికి జరిగి, పిమ్మట రావలసిన పంటికి దారి లేకుండ చేయును. బొటనవ్రేలు చీకు నలవాటు చిరకాలము మానని పిల్లలకు ముందరిపండ్లు ఎత్తుగా వచ్చును. వీనిలో నేదియు పరిహసింపదగిన నేరము కాదు.

“దేవుడిచ్చిన ముఖమును దిద్దుటకు మనమెవరము?” అని కొందఱు పెద్దలందురు. విఱిగిన యెముకను కట్టుటయు, చూపు మందగించినవానికి కండ్లజోడు పెట్టుటయు దైవచిత్తమునకు విరుద్ధమని మిషను వైద్యశాలలను నెలకొల్పినవారు తలంపలేదు గదా! మఱికొందఱు “ఆడపిల్లకైనచో పెండ్లినాటికి కావలయును, మగపిల్లవానికేల?” అందురు. ఇది మఱింత పొరపాటు. ముందునకు పొడుచుకొని వచ్చిన పండ్లు ఆటస్థలమున క్రిందపడినప్పుడు సులభముగా విఱుగును. ఇఱుకుపండ్ల సందులలో బ్రష్షు చొరక పాచి నిలుచును. పైపండ్లును క్రిందిపండ్లును సరిగా కలియనిచో నమలుట కష్టము. ఈ బాధలు బాలురకును బాలికలకును సమానమే.

అట్లని ప్రతి వంకరపంటికిని తీగె కట్టింపవలయునని నా వాదము కాదు. నమలుటకును శుభ్రపఱచుకొనుటకును అడ్డురాక, పిల్లవాని మనస్సును బాధింపక యున్న కొద్దిపాటి వంకరను అట్లే యుండనీయవచ్చును. దానిని నిర్ణయింపవలసినవాడు పలువరుసను దిద్దుటయందు ప్రత్యేకశిక్షణ పొందిన దంతవైద్యుడు గాని, ఇరుగుపొరుగువారు కారు.

ఈ విద్య నిన్న మొన్నటిది కాదు. ఫ్రెంచి వైద్యుడగు పియేర్ ఫోషార్ 1728లో ప్రకటించిన తన గ్రంథమున లోహపు పట్టీకి పండ్లను కట్టి వరుసకు తెచ్చు విధమును వర్ణించెను. పంటిపై నిలిపిన చిన్న లోహపు గాడిలో నలుపలకల తీగెను ఇముడ్చు పద్ధతిని అమెరికా వైద్యుడగు ఎడ్వర్డ్ ఏంగిల్ 1928లో ప్రకటించెను. నేటి లోహపు క్లిప్పులు ఆ పద్ధతినుండి పెరిగినవే.

తీగె పంటిని పెకలించి త్రోయునని కొందఱు భయపడుదురు. అట్లు కాదు. అది మెల్లగా ఒత్తుచుండగా, ఒత్తిడి తగిలిన వైపున ఎముక కరగును. రెండవ వైపున క్రొత్త యెముక పెరుగును. ఈ విధముగా పన్ను నెలకు సుమారు 1 మిల్లీమీటరు మాత్రమే కదలును. త్వరపడి గట్టిగా లాగినచో పంటివేరునకే ముప్పు. కావుననే యీ చికిత్సకు సాధారణముగా 18 మొదలు 24 నెలలు పట్టును. కొందఱికి అంతకంటె నెక్కువయు పట్టవచ్చును.

ఇంతకాలము ధరించువారికి ఓర్పు కావలయును. భోజనమైన ప్రతిసారియు పండ్లను శుభ్రము చేసికొననిచో, తీగె తీసిన తరువాత పంటిపై తెల్లని మచ్చలు మిగులును. చెఱకు, జంతికలు, వేరుసెనగయుండలు కొఱుకుట మానవలయును. తీగె తీసిన పిదపను వైద్యుడు చెప్పినంతకాలము రిటైనరు ధరింపనిచో పండ్లు మరల పూర్వస్థానమునకు జరుగును. సగములో మానిన చికిత్సకు పెట్టిన సొమ్మును, పడిన శ్రమయు వ్యర్థము.

తల్లిదండ్రులకు ఒక మాట. కంటికి కనబడని ఖరీదైన సాధనముల కొఱకు ఎదురుచూచుచు కాలము గడపవలదు. సాధారణమైన లోహపు తీగె మిక్కిలి చిక్కైన వంకరలను సయితము చక్కగా దిద్దగలదు. వ్యయము భారమైనవారు ప్రభుత్వ దంతవైద్య కళాశాలలలో విచారించుట మంచిది.

విద్యార్థులారా! మీ స్నేహితుడు కాలు విఱిగి కట్టుతో వచ్చినచో మీరు పుస్తకముల సంచి మోసెదరు. పండ్లకు తీగెతో వచ్చినవానిని చూచి నవ్వుటేల? రెండేండ్ల శ్రమను మీ యొక్క మాట చెఱుపగలదు. ఉపాధ్యాయులమైన మేమును ఆ నవ్వును విని విననట్లుండుట తప్పు. ఆ తప్పు నావలనను కొంత జరిగినదని యొప్పుకొనుచున్నాను.

ఆ బాలిక తీగె నింకను తీయించుకొనలేదు. వార్షికోత్సవమున పద్యము చదువుటకు తన పేరును ఇంకను ఇయ్యలేదు. ఆమె ముందువలె లేచి చదువునట్లు చేయుట మన చేతిలోనే యున్నది.