నీలికొండా? నల్లకొండా?



ఈ నెల ఒక తప్పు సంగతితో మొదలుపెడతాను. ఆ తప్పు చేసింది పిల్లవాడు కాదు, నేనే.

చాలా ఏండ్ల క్రిందట ఆరవ తరగతి పిల్లలను ఊరి గుట్ట బొమ్మ వేయమన్నాను. ఒకడు గుట్టనంతా నీలంగా వేసి తెచ్చాడు. "రాయి ఎక్కడన్నా నీలంగా ఉంటుందిరా?" అని ఎర్రసిరాతో కొట్టివేశాను. వాడు తల వంచుకొని, "మా చేను కాడికెల్లి పొద్దుగాల అట్లనే కనబడ్తది సార్" అన్నాడు. నేను వినిపించుకోలేదు.

కొన్నాళ్ళకు నల్లగొండ చరిత్ర చదువుతుంటే ఒక సంగతి కంటబడింది. ఆ పట్టణానికి పూర్వపు పేరు నీలగిరి. అంటే నీలికొండ! బహమనీ సుల్తానుల కాలంలో నల్లగొండ అయిందని చెబుతారు. కొండ అదే; ఒకరికి నీలం, మరొకరికి నలుపు. వెంటనే ఆ పిల్లవాడు గుర్తుకు వచ్చాడు.

వాడన్నది నిజమే. సూర్యుని వెలుతురులో అన్ని రంగులూ ఉన్నాయి గదా! గాలిలోని అణువులు అందులో నీలాన్ని ఎక్కువగా చెదరగొడతాయి. మనకూ దూరపు గుట్టకూ మధ్య ఎంతో గాలి ఉంటుంది. అక్కడ చెదిరిన నీలమే గుట్టమీద తెరవలె కనబడుతుంది. దగ్గరకు పోతే తెర ఉండదు. నల్లరాయి, దానిమీద రాతిపువ్వు, సందుల్లో ఎర్రమన్ను కనబడతాయి.

ఇట్లా రంగుమీద రంగును తెరవలె కప్పి బొమ్మ వేసే విద్య ఒకటున్నది. అదే మైనపు చిత్రకళ. ప్రాచీన గ్రీకులకు ఇది బాగా తెలుసు. వారు పెట్టిన పేరుకు 'కాల్చి ఎక్కించడం' అని అర్థం. తేనెమైనం కరిగించి, రంగుపొడి కలిపి, వేడివేడిగా చెక్కపలకపై పూస్తారు. మళ్ళీ వేడి చూపితే పై పూత క్రిందిదానితో అతుక్కొంటుంది. పూత పలచనైతే క్రింది రంగు దానిగుండా కనబడుతుంది. నల్లరాయి వేసి, పైన నీలపు మైనం పలచగా పూస్తే మా పిల్లవాని గుట్టే! మందంగా పూసి గీకితే రాతి గరుకుదనం కూడా వస్తుంది. అందుకే కొండలూ, నీళ్ళూ, పొగమంచూ చూసి ముచ్చటపడే చిత్రకారులు నేటికీ ఈ విద్యను విడవలేదు.

1888లో ఫ్లిండర్స్ పీట్రీ అనే పరిశోధకుడు ఈజిప్టులోని హవారా వద్ద తవ్వగా, చెక్కలమీద వేసిన మనుషుల ముఖాలు బయటపడినవి. అవి క్రీస్తుశకం తొలి శతాబ్దాల నాటివి. వాటిలో ఎన్నో మైనంతో వేసినవే. ఎండుటిసుక వాటిని కాపాడింది. మైనం తేమను లోనికి రానీయదు. ఆ కన్నుల మెరుపు ఇంకా చెడలేదు.

"మన నల్లగొండ ఎండకు కరగదా సార్?" అంటారేమో. మంచి ప్రశ్నే! ఎండాకాలం మనకు 45 డిగ్రీలు దాటే రోజులున్నాయి. తేనెమైనం కరగడానికి సుమారు 62 డిగ్రీలు కావాలి. కనుక నీడనున్న బొమ్మ మెత్తబడవచ్చు గాని కరగదు. ఎండలో మాత్రం పెట్టరాదు.

ఇంతకూ మైనం ఎక్కడిది? పాత మహబూబ్‌నగర్ జిల్లా అమ్రాబాదు అడవిలో కొండచరియలకు పెద్ద తేనెటీగలు పట్లు పెడతాయి. చెంచులు తాడు పట్టుకొని దిగి, పొగవేసి తేనె తీస్తారు. తేనె పిండిన పట్టును నీళ్ళలో కాచి వడగడితే, మైనం పైకి తేలి గడ్డకడుతుంది. ఇక రంగు? గోడలకు పూసే జాజు ఉన్నది గదా. అది ఇనుము కలిసిన ఎర్రమన్నే. కొండను చూసి బొమ్మ వేయడమే కాదు, ఆ బొమ్మకు సామాను ఇచ్చేదీ కొండే. కంకరకోసం గుట్టలు పగలగొట్టేవారు ఈ మాట ఒక్కసారి తలచుకుంటే బాగుండును.

మీరు పొయ్యి దగ్గర మైనం కరిగించకండి, అది మంట అంటుకొంటుంది. మైనపు రంగు పెన్సిలు చాలు. గరుకు రాతిపై కాగితం పరచి, పెన్సిలును అడ్డంగా రుద్దండి. రాతి గీతలు కాగితంమీదికి వస్తాయి. ఆపైన నీళ్ళలో కలిపిన నీలిరంగు పూయండి. మైనమున్నచోట నీరు అంటదు. ఏమవుతుందో చూడండి!

తల్లిదండ్రులకు ఒక మాట. పిల్లవాడు వేసిన రంగు తప్పనే ముందు, వాడు నిలబడి చూసిన చోటికి పోయి మీరూ చూడండి. నేను ఆనాడు ఆ చేను దాకా పోలేదు. నాయనా, నీవెక్కడున్నావో గాని, నీ గుట్ట నీలమే!