పాత వాహనం – కొత్త యాత్ర

దేశాటనాభిలాష మానవునికి సహజమైనది. 1830లో కాశీకి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య డేరాలతో, పరివారంతో పదిహేను నెలలు సంచరించి మరలివచ్చారు. నేటి యువకులు అదే అభిలాషతో పాత ఫోర్ వీల్ డ్రైవ్ వాహనాన్ని కొని సంచార గృహంగా తీర్చిదిద్దుకుంటున్నారు. 1985లో వెలువడిన మారుతి జిప్సీ ఇందుకు చక్కని ఉదాహరణ. ఉత్పత్తి నిలిచిపోయినా, తేలికైన ఆ వాహనంపై మక్కువ తగ్గలేదు.

ఈ అభిరుచి ప్రశంసనీయమే. కాని, కొన్న వెంటనే చాలామంది దృష్టి కప్పుమీది డేరాపైన, అదనపు దీపాలపైన నిలుస్తున్నది. ఇది వరస తప్పిన ఆలోచన. అరిగిన బ్రేకులు, పగుళ్లుబారిన టైర్లు, తుప్పుపట్టిన ఛాసిస్, కారుతున్న రేడియేటర్ - ముందుగా బాగుచేయవలసినవి ఇవి. కప్పుమీద బరువు పెరిగితే గురుత్వ కేంద్రం పైకి జరుగుతుంది. మలుపులలో వాహనం బోల్తాపడే ప్రమాదం అధికమవుతుంది. తయారీదారు నిర్దేశించిన రూపాన్ని ఇష్టానుసారం మార్చడాన్ని 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ అనుమతించదు.

ధనంతో కొన్న పరికరాలకంటె నేర్చుకున్న నైపుణ్యమే ఎక్కువసార్లు ఆదుకుంటుంది. ఇసుకలో చక్రం కూరుకుపోయినప్పుడు టైర్లలో గాలి కొంత తగ్గిస్తే, నేలను తాకే భాగం విస్తరించి పట్టు చిక్కుతుంది. దీనికి కావలసినది కొద్దిపాటి తెలివి, గట్టినేల చేరాక తిరిగి గాలి నింపుకొనడానికి ఒక పంపు.

వీరాస్వామయ్య క్షేమంగా ఇల్లు చేరారు; ఆయన యాత్రాచరిత్ర మనకు దక్కింది. బయలుదేరే ఉత్సాహంతోపాటు తిరిగివచ్చే జాగ్రత్త కూడ ఉన్నవాడే నిజమైన యాత్రికుడు.