వాతావరణ ఒప్పందాలు – విత్తు అదను

కొత్తచెరువు ప్రాంతపు ఎర్ర నేలల్లో జూలై దాటితే వర్షాధార వేరుశనగకు అదను తప్పినట్లే. అదనులో విత్తినా, ఊడలు దిగే దశలో మూడు వారాలు బెట్ట పట్టితే కాయ నిలువదు. అంతర్జాతీయ సదస్సుల అదను వేరు. ఏటా 10,000 కోట్ల డాలర్లు 2020 నాటికి సమకూరుస్తామని సంపన్న దేశాలు 2009లో కోపెన్‌హాగెన్‌లో మాట ఇచ్చాయి. అది 2022లో గాని నెరవేరలేదు. అందులోనూ అధిక భాగం రుణమే. మెట్ట సేద్యం వంటి అనుసరణ చర్యలకు దక్కినది స్వల్పం. 2024లో బాకూ సదస్సు 2035 నాటికి 30,000 కోట్లని తీర్మానించినపుడు భారత ప్రతినిధి వేదికపైనే ఆక్షేపించారు. అది సమంజసమే.

అయితే ఆక్షేపించిన మనం ఇంట చేస్తున్నదేమి? 2023ను అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటింపజేసినది మన దేశమే. ఈ ప్రాంతంలో మాత్రం ఖరీఫ్ రాయితీ విత్తనమనగానే నేటికీ ముందుగా వేరుశనగే. దశాబ్దాల ఏకపంటను పెంచినది వర్షాభావం కాదు, మన విధానమే. ఆ సిఫారసుల్లో మా శాస్త్రవేత్తల వంతూ ఉన్నది. కదిరి పరిశోధనా స్థానపు బెట్టను తట్టుకొనే రకాలు మేలైనవే, కాని రకం ఒక్కటే బీమా కాజాలదు. రైతు సాధికార సంస్థ ప్రోత్సహిస్తున్న వానకు ముందటి నవధాన్య విత్తనాన్ని విస్తరణ విభాగాలు తమ సొంత ప్రయోగ క్షేత్రాల్లో నిష్పక్షపాతంగా పరీక్షించవలసి ఉన్నది. కొర్ర, కంది, ఉలవ విత్తనాలు రాయితీపై మే నెలాఖరుకు గ్రామంలోని కేంద్రానికి చేరాలి. జూలై రెండవ పక్షంలో వచ్చిన విత్తనం గోదాములోనే ఉండిపోతుంది.