గొల్లభామ రొయ్యకు పేరు పెట్టే ముందు

విజ్ఞాన వీక్షణం

సముద్రానికి ఎంతో దూరాన ఢిల్లీలో ఉద్యోగం చేసే మనకు, ఎల్.టి.సి. పుణ్యమా అని, అండమాన్ దీవులు కొత్త చోటు కాకుండా పోయినవి. స్వరాజ్ ద్వీప్, శహీద్ ద్వీప్ (2018 డిసెంబరు వరకు వీటి పేర్లు హావ్‌లాక్, నీల్), వండూరు వద్ద మహాత్మా గాంధీ సాగర జాతీయోద్యానంలోని జాలీ బాయ్ దీవి మొదలైన చోట్ల యాత్రికులు కళ్లకు అద్దాల తొడుగు, నోటికి ఊపిరి గొట్టం పెట్టుకొని, నీటిపై బోర్లా తేలుతూ పగడపు దిబ్బలను చూచి వస్తారు. దీనినే స్నార్కెలింగ్ అంటారు. తిరిగి వచ్చిన మిత్రులు చూపే ఛాయాచిత్రాలలో అప్పుడప్పుడు ఒక విచిత్ర ప్రాణి కనిపిస్తుంది. దాని పేరు కూడా వారే చెబుతారు: “పీకాక్ మాంటిస్ ష్రింప్!” మోకాటి లోతు నీటిలో తీసిన చిత్రమైతే అది చాలావరకు మరొక జాతికి చెందినదే అయి ఉంటుంది. ఆ సంగతి ఎట్లా తెలుస్తుంది, పేరు ఏ మేరకు చెప్పవచ్చును అనే విషయాలను ఈ సంచికలో పరిశీలిద్దాం.

ఏమిటీ ప్రాణి?

మాంటిస్ అంటే మన గొల్లభామ పురుగు. ఆ పురుగు వలెనే ముందు కాళ్లను మడిచి వేటకు సిద్ధంగా ఉంచుకొనే ప్రాణి కనుక, ఈ వ్యాసం వరకు దీనిని గొల్లభామ రొయ్య అని పిలుచుకుందాం. నిజానికి ఇది రొయ్య కాదు. రొయ్యలు, పీతలు దశపాదుల క్రమానికి చెందినవి. ఇది స్టొమాటోపోడా అనే వేరే క్రమానికి చెందినది. ఈ క్రమంలో ప్రపంచ వ్యాప్తంగా 450కి పైగా జాతులు గుర్తించబడినవి.

ఆయుధాన్ని బట్టి వీటిని రెండు తెగలుగా చెప్పుకోవచ్చును. ముళ్లున్న కాలితో చేపను గుచ్చి పట్టేవి బల్లెం జాతులు. ఉబ్బెత్తు మడమతో నత్త గుల్లలను, పీత డిప్పలను పగులగొట్టేవి సుత్తి జాతులు. నెమలి రంగుల జాతి సుత్తి దెబ్బ వేగం సెకనుకు 23 మీటర్ల వరకు ఉంటుందని 2004లో షీలా పటేక్, రాయ్ కాల్డ్‌వెల్ ప్రభృతులు కొలిచి ప్రకటించారు. కండరం ఒక్కటే ఇంత వేగాన్ని ఇవ్వలేదు. గుర్రపు జీను ఆకారంలో ఉన్న ఒక గట్టి పలక స్ప్రింగు వలె వంగి శక్తిని దాచుకొని, గడియ తీయగానే ఒక్కసారిగా వదులుతుంది. ఆ దెబ్బ బలం 1500 న్యూటన్ల వరకు, అనగా సుమారు 150 కిలోల బరువు మోపినంత వరకు, ఉంటుందని 2005లో తేలినది. అంత వేగానికి నీటిలో ఆవిరి బుడగలు పుట్టి, అవి చితికినప్పుడు రెండవ దెబ్బ కూడా తగులుతుంది. పంపు ఇంపెల్లర్లను, జల టర్బైన్ల రన్నర్లను గుంటలు పడేట్లు తినివేసే కేవిటేషన్ ఇదే. కనుక ఈ ప్రాణి ఉన్న కన్నంలో వేలు పెట్టకూడదన్నది మొదటి పాఠం.

రంగు ఎంతవరకు సాక్ష్యం?

మన ప్లాంటులలో గొట్టం రంగు చూచి లోపల పారేది ఏమిటో చెబుతాము. భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 2379 ప్రకారం నీటికి సముద్రపు ఆకుపచ్చ, గాలికి ఆకాశనీలం. ప్రమాణాన్ని అనుసరించి మనమే రంగు వేసినాము కనుక ఆ రంగు నిజం చెబుతుంది. ప్రకృతిలో అట్టి ఒప్పందం ఏదీ లేదు. పగడపు దిబ్బల అంచు నీటిలో కనిపించే గోనోడాక్టిలస్ చిరాగ్రా అనే సుత్తి జాతిలో మగవి ముదురు ఆకుపచ్చ నుండి నలుపు వరకు ఉంటే, ఆడవి లేత రంగుపై మచ్చలతో ఉంటాయి. చూచినవారు రెండు జాతులని పొరబడటానికి ఇది చాలు. సూడోస్క్విల్లా సిలియాటా అనే సన్నని జాతిలోనైతే పచ్చనివి, గోధుమ రంగువి, మచ్చలవి, అన్నీ ఒకే పేరు కిందికి వస్తాయి. దీనికి తోడు, నీరు ఎరుపు కాంతిని త్వరగా పీల్చుకొంటుంది. కొద్ది మీటర్ల లోతులోనే ఎరుపు మసకబారి, చిత్రంలో నీలం ఆకుపచ్చలు మిగులుతాయి.

ఈ ప్రాణి కంటి సంగతి ఇంకా ఆసక్తికరమైనది. రంగులను గ్రహించే కణాలు మనకు మూడు రకాలైతే, దీనికి 12 రకాలు. అయినా దగ్గర దగ్గర రంగుల తేడాను ఇది మనకంటె తక్కువగా పోల్చుకొంటుందని 2014లో ప్రయోగం ద్వారా తేలినది. మరోవైపు, మన కంటికి అందని వృత్తాకార ధ్రువణ కాంతిని కొన్ని జాతులు గుర్తించగలవని 2008లో వెల్లడైనది. అనగా, అది తన తోటి ప్రాణికి చూపే గుర్తు, మనకు కనిపించే రంగు ఒకటే కానక్కరలేదు.

పరిశీలనకు ఒక క్రమం

యంత్రంలో లోపం వెదకేటప్పుడు ఒక వరుస పాటిస్తాము. ఇక్కడా అంతే.

మొదట చోటు చూడాలి. నెమలి రంగుల జాతి, అనగా ఒడొంటోడాక్టిలస్ సిల్లారస్, ఎక్కువగా 10 నుండి 30 మీటర్ల లోతులో, దిబ్బ పాదం వద్ద ఇసుక, రాళ్ల ముక్కల నడుమ బొరియ చేసుకొని ఉంటుంది. నీటిపై తేలే యాత్రికుడికి అది దొరకడం అరుదు. పోటు వచ్చినప్పుడు మునిగి, పాటుకు తేలే పగడపు చదునులో, మృత పగడం కన్నంలో కనిపించినది గోనోడాక్టిలస్ లేదా దాని దగ్గరి బంధువు అయ్యే అవకాశమే ఎక్కువ. మెత్తని ఇసుకలో గుండ్రని కన్నం నుండి కళ్లు మాత్రమే పైకి పెట్టి కదలక ఉన్నది బల్లెం జాతి కావచ్చును. వీటిలో లైసియోస్క్విల్లినా మాకులేటా అనే చారల జాతి సుమారు 40 సెంటీమీటర్ల వరకు పెరుగుతుంది.

రెండవది కన్ను. ఇసుకలో దాగే ఆ చారల జాతి కన్ను రెండు తమ్మెలుగా చీలి, కాడతో కలిసి ఆంగ్ల ‘టీ’ అక్షరాన్ని తలపిస్తుంది. సుత్తి జాతుల కన్ను సాధారణంగా గుండ్రంగానో కోలగానో ఉంటుంది.

మూడవది ముందు కాలు. మడిచిన కాలి మడమ ఉబ్బి ఉంటే సుత్తి, అంచున ముళ్ల వరుస ఉంటే బల్లెం. నాలుగవది ఆ కాలి లోపలి వైపు మచ్చ. ప్రత్యర్థిని బెదిరించడానికి ప్రాణి రెండు కాళ్లూ విప్పినప్పుడు మాత్రమే అది కనిపిస్తుంది. గోనోడాక్టిలస్ స్మిథీ జాతికి అక్కడ ముదురు ఊదా మచ్చ ఉంటుంది. ఒంటి రంగు మారినా ఈ మచ్చ నమ్మదగిన ఆధారం. అయితే దానిని చూడడం కోసం ప్రాణిని రెచ్చగొట్టరాదు.

అయిదవది, అన్నిటికంటె గట్టి సాక్ష్యం, తోక ఫలకం. దానిపై గల గట్ల సంఖ్య, వాటి ఉబ్బు, అంచున ఉన్న ముళ్ల అమరిక జాతిని నిర్ణయిస్తాయి. కలకత్తా ఇండియన్ మ్యూజియం సేకరణను ఆధారం చేసుకొని స్టాన్లీ కెంప్ 1913లో ప్రకటించిన ఉద్గ్రంథం హిందూ, పసిఫిక్ సముద్రాల గొల్లభామ రొయ్యల అధ్యయనానికి నేటికీ ముఖ్యమైన మెట్టు. ఆయన ఆధారపడినదీ ఇటువంటి అవయవ లక్షణాల మీదనే. చిక్కేమిటంటే, కన్నంలో ఉన్న ప్రాణి ముఖమే చూపుతుంది గాని తోక చూపదు.

అందువలన చాలా చిత్రాల విషయంలో “గోనోడాక్టిలస్ ప్రజాతి, జాతి నిర్ణయించలేదు” అన్నదే సరియైన సమాధానం. ఇది అజ్ఞానం కాదు. మీటరు చూపగలిగినంత వరకే రీడింగు వ్రాయడం వంటిది. దశాంశ స్థానాలు ఊహించి చేర్చినంత మాత్రాన కొలత మెరుగుపడదు.

పేరుతో పనేమిటి?

ఇంత శ్రమ ఎందుకని ఎవరైనా అడగవచ్చును. దానికి సమాధానం దిబ్బల ఆరోగ్యంలో ఉన్నది. గొల్లభామ రొయ్య ఒక కన్నాన్ని ఆశ్రయించి, చుట్టుపట్లనే వేటాడి బ్రతుకుతుంది. నీరు చెడితే తేలికగా తరలిపోలేదు. 1990లలో ఇండోనేషియా దిబ్బలపై పని చేసిన మార్క్ ఎర్డ్‌మన్, రాయ్ కాల్డ్‌వెల్ గార్లు వీటిని కాలుష్య సూచికలుగా వాడవచ్చునని ప్రతిపాదించారు. ఏ జాతులు మిగిలినవి, ఏవి మాయమైనవి అన్న లెక్క నీటి స్థితిని చెబుతుంది. అయితే జాతి పేరు తప్పైతే ఆ లెక్కంతా తప్పుతుంది.

అండమాన్ విషయంలో ఇది మరీ ముఖ్యం. 2004 డిసెంబరు 26 నాటి భూకంపంతో ఉత్తర అండమాన్ తీరం పైకి లేచి కొన్ని పగడపు చదునులు శాశ్వతంగా గాలికి తేలినవి. దక్షిణాన నేల కుంగినది. 2010లోను, 2016లోను సముద్రపు వేడికి పగడాలు తెల్లబారినవి. లోతులేని నీటి ప్రాణులకు ఇవన్నీ ఇల్లు కూలినంత నష్టాలు. నాడు ఏముండెనో, నేడు ఏమున్నదో పోల్చవలెనంటే రెండు జాబితాలూ నమ్మదగినవై ఉండాలి. కనిపించిన ప్రతి దానికీ నెమలి పేరు తగిలించిన జాబితా, అంశాంకనం చేయని మీటరు వంటిది. అటువంటి జాబితా లేకపోతేనే మేలు.

మన ఆంధ్ర తీరాన మరొక దృశ్యం. ట్రాల్ వలలలో చేపలతో పాటు బల్లెం జాతుల గొల్లభామ రొయ్యలు కుప్పలుగా వస్తాయి. తినే చేపకు ఉన్న విలువ వీటికి లేదు. చెత్త కింద లెక్క. అందులో సాధారణమైన ఒక జాతికి 1828 నుండి ‘నెపా’ అనే పేరున్నది. మొదట స్క్విల్లా నెపా, తరువాత ఒరాటోస్క్విల్లా నెపా, 2013 నుండి మియాకెల్లా నెపా. పాత నివేదిక, కొత్త నివేదిక పక్కపక్కన పెట్టి చదివేవారికి ఈ మూడూ ఒకే ప్రాణి అని తెలియకపోతే, ఒక జాతి అంతరించి మరొకటి వచ్చినదని భ్రమ కలుగుతుంది.

వెళ్లే మిత్రులకు మనవి

పడవ నడిపే వారిలో, చేపలు పట్టే వారిలో శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల నుండి వెళ్లి స్థిరపడిన తెలుగువారు అక్కడ ఎందరో ఉన్నారు. పోటుపాట్ల వేళలు, కన్నాల జాడలు వారికి తెలిసినంతగా ఏ మార్గదర్శినీ చెప్పలేదు. తెలుగులోనే అడగవచ్చును.

నీటిలో పగడంపై నిలబడకండి, రాళ్లు తిరగవేయకండి. ఆ రాయి క్రింది నీడలోనే ఎన్నో ప్రాణుల సంసారాలున్నవి. పగడాలు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణలో ఉన్నవన్న సంగతి కూడా మరువరాదు. కొంచెం దూరాన కదలక తేలుతూ వేచి ఉంటే, ప్రాణి తానే బయటకు రావచ్చును. ముఖం ఒక చిత్రం, పక్క భాగం ఒకటి, వీలుపడితే తోక ఒకటి తీయండి.

ఒడ్డుకు చేరగానే, మన కంట్రోల్ రూము లాగ్ బుక్కులో వలెనే, తేదీ, వేళ, పోటా పాటా, లోతు, అడుగున ఉన్నది ఇసుకా పగడమా, సుమారు పొడవు వ్రాసుకోండి. చూచినది ఒక గడిలో, ఊహించినది మరొక గడిలో వ్రాయండి. పేరు గడి ఖాళీగా ఉన్నా ఫరవాలేదు. మొదటి గడి సరిగా ఉంటే, రెండవ గడిని తెలిసినవారు ఎవరైనా, ఎన్నేళ్ల తరువాతనైనా పూరించగలరు. మొదటి గడిని మాత్రం ఆ క్షణాన అక్కడున్న మీరు తప్ప మరెవ్వరూ పూరించలేరు.